ఫ్యామిలీ రెస్టారెంటు బిల్లులో అడగని పద్దులు

సంపాదకులకు నమస్కారములు.

నేను గుంటూరులో గణిత ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. పోయిన నెల మనవరాలి పుట్టినరోజుకు మేము ఏడుగురం మా ఇంటికి దగ్గరలోనే ఉన్న ఒక ఫ్యామిలీ రెస్టారెంటుకు వెళ్లాము. వంట బాగుంది, వడ్డించిన కుర్రవాడు మర్యాద తెలిసినవాడు, ఆ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. నేను రాస్తున్నది భోజనం ముగిశాక సోంపు గిన్నెతో పాటు వచ్చిన కాగితం గురించి. ఏళ్ల తరబడి పిల్లల లెక్కలు దిద్దిన అలవాటు చొప్పున దానిని పద్దు పద్దుగా చదివాను.

తిన్న పదార్థాల ధర 2,400 రూపాయలు. దాని కింద లీటరు నీళ్ల సీసాలు నాలుగు, ఒక్కొక్కటి 40 రూపాయల చొప్పున 160. ఆ సీసాల మీద ముద్రించి ఉన్న ధర మాత్రం 20. ఈ మొత్తం మీద ‘స్టాఫ్ కంట్రిబ్యూషన్’ అనే పేరుతో 10 శాతం, అంటే 256 రూపాయలు. ఇవన్నీ కలిపిన మొత్తం మీద 5 శాతం జీఎస్టీ, 140 రూపాయల 80 పైసలు. వెరసి 2,957. తిన్నదానికీ, దానిపై పన్నుకూ మాత్రమే లెక్క కడితే 2,520 అవుతుంది. మిగిలిన 437 రూపాయలు మేము అడగని నీళ్లకు, ఒప్పుకోని రుసుముకు, ఆ రెండింటి మీద పన్నుకు పోయాయి.

అడగని నీళ్లని ఎందుకంటున్నానంటే, మేము కుర్చీలు సర్దుకుంటుండగానే కుర్రవాడు సీసాల మూతలు తిప్పి గ్లాసుల్లో పోసేశాడు. మూత తీసిన సీసాను వెనక్కి తీసుకెళ్లమనడానికి ఎవరికైనా నోరు రాదు. పూటకూళ్ల ఇళ్ల కాలం నుంచి నిన్నమొన్నటి మెస్సుల దాకా మన ఊళ్లలో భోజనానికి కూర్చున్నవారి ముందుకు మొదట వచ్చేది మంచినీళ్ల గ్లాసే; అది ఏనాడూ లెక్కలోకి రాలేదు. ఇప్పుడు స్టీలు జగ్గు బల్ల మీద నుంచి మాయమై, ‘మామూలు నీళ్లు కావాలి’ అని అడిగినవారిని ఎగాదిగా చూసే పరిస్థితి వచ్చింది.

ముద్రించిన ధర కన్నా ఎక్కువ తీసుకోవడం చట్టవిరుద్ధమని నేను అనుకునేవాడిని. అది పొరపాటని విచారిస్తే తెలిసింది. హోటళ్లు, రెస్టారెంట్లు సీసా నీళ్లను ఆ ధరకు మించి అమ్మినా తూనికలు, కొలతల చట్టం కింద వాటిపై చర్య తీసుకోవడానికి వీల్లేదని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అక్కడ జరిగేది కేవలం సీసా అమ్మకం కాదని, కూర్చోబెట్టి వడ్డించే సేవ కూడా అందులో ఇమిడి ఉందని హోటళ్ల వాదన. సరే, ఒప్పుకుందాం. సేవ ఖరీదు నీళ్ల సీసాలోనే వచ్చేసినప్పుడు, అదే సేవకు కింద మరో 10 శాతం దేనికి? అదనపు రుసుముపై 2025 ఆగస్టులో విచారణ జరిపినప్పుడు ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం కూడా హోటళ్ల సంఘాలను ఇంచుమించు ఇదే ప్రశ్న అడిగింది.

ఆ రుసుము సంగతి మరింత స్పష్టం. సర్వీసు చార్జీని బిల్లులో తమంతట తామే కలపరాదని, మరో పేరు పెట్టి కూడా వసూలు చేయరాదని, ఆహారం బిల్లులో కలిపి ఆ మొత్తంపై జీఎస్టీ వేయరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకు వెళ్లగా, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. దానిపై సంఘాలు చేసుకున్న అప్పీలులోనే పైన చెప్పిన ఆగస్టు విచారణ జరిగింది. మార్గదర్శకాల్లోని ఈ మూడు మాటలనూ మా బిల్లు ఒకేసారి దాటేసింది. నేను గల్లా దగ్గర నెమ్మదిగా అడిగితే, ‘అందరూ ఇస్తున్నారు సార్’ అన్నారు. వడ్డించిన కుర్రవాడిని ‘ఇది నీకు వస్తుందా బాబూ’ అంటే నవ్వి ఊరుకున్నాడు. అతనికి ఇవ్వదలచినది విడిగా అతని చేతిలోనే పెట్టాను.

పన్ను విషయంలో మాత్రం, అసలు ఈ హోటలు మా నుంచి జీఎస్టీ తీసుకోవచ్చా అన్న నా అనుమానం తప్పని తేలింది. ఏడాది వ్యాపారం కోటిన్నర రూపాయలకు లోపు ఉండి, చిన్న వ్యాపారుల కోసం పెట్టిన జీఎస్టీ కాంపోజిషన్ పథకంలో చేరిన హోటళ్లు తామే పన్ను కట్టుకోవాలి తప్ప తినేవారి నుంచి జీఎస్టీ వసూలు చేయకూడదు, ఆ మాట బిల్లు మీదనే ముద్రించాలి. బిల్లుపై ఉన్న జీఎస్టీ నంబరును ప్రభుత్వ పోర్టల్‌లో ఎవరైనా వెతికి చూడవచ్చు. ఈ రెస్టారెంటు మామూలు పద్ధతిలోనే నమోదై ఉంది కాబట్టి భోజనంపై వేసిన 5 శాతం న్యాయమే. పాఠకులు తమ వీధిలోని చిన్న హోటలు బిల్లును ఒకసారి ఇలా పరీక్షించి చూడాలని మనవి.

హోటలు నడిపేవారి కష్టం తెలియక రాయడం లేదు. గ్యాసు సిలిండరు, నూనె, అద్దె, వంటవాళ్ల జీతాలు అన్నీ పెరిగాయి. భోజనం ఇంటికి చేర్చే యాప్‌లకు కమీషన్ ఇవ్వాలి. ఖర్చు పెరిగితే మెనూలోనే ధర పెంచమనండి. 180 రూపాయల కూరను 200 చేస్తే అది చూసి తినాలో వద్దో మేము నిర్ణయించుకుంటాము. తిన్న తరువాత, పిల్లలు చేతులు కడుక్కుని వచ్చాక, పిలిచి తీసుకొచ్చిన వియ్యంకుల ముందు గృహస్థు నోరు మెదపలేని ఘడియలో తీసుకోవడమే నాకు నచ్చనిది. ఆ రోజు మా అబ్బాయి కూడా ‘పోనీలెండి నాన్నా, పుట్టినరోజు పూట’ అన్నాడు. నేను డబ్బు కట్టి వచ్చేశాను. ఇంటికి వచ్చాక 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించాను. అయితే ప్రతి కుటుంబమూ అంత దూరం వెళ్లదు.

అందుచేత పౌర సరఫరాల అధికారులకూ, నగరంలోని హోటల్ యజమానులకూ మీ పత్రిక ద్వారా చిన్న విన్నపం. సర్వీసు చార్జీ ఇవ్వడం తినేవారి ఇష్టమని, శుద్ధి చేసిన మామూలు నీళ్లు ఉచితమని తెలుగులో రాసిన బోర్డును గల్లా దగ్గర కాక, లోపలికి అడుగు పెట్టేచోట పెట్టించండి. నీళ్ల సీసా మూత తిప్పే ముందు ఒక్కసారి అడగమని వడ్డించే పిల్లలకు చెప్పండి.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
గుంటూరు