షాంపేన్ కేకులో ఏముందో కోయకముందే చెప్పాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పెళ్లిరోజులకూ, కొత్త సంవత్సరం వేడుకలకూ ఇంట్లోనే షాంపేన్ కేకు, అంటే బుడగల వైన్ కలిపిన కేకు, చేసుకోవడం ఎలాగో వివరిస్తూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని చదివాను. హనుమకొండలో పదకొండేళ్లుగా ఇంటి నుంచే కేకులు చేసి ఇస్తున్నదాన్ని కాబట్టి, ఇటువంటి పొరల కేకు గురించి కొలతలతో సహా తెలుగులో రావడం నాకెంతో సంతోషం కలిగించింది. కొలతల్లో నాకు పెద్దగా అభ్యంతరం లేదు. అయితే ఓవెన్ వేడికి వైన్‌లోని ఆల్కహాల్ అంతా ఆవిరైపోతుందనీ, కాబట్టి పిల్లలకు కూడా నిశ్చింతగా పెట్టవచ్చనీ అందులో రాశారు. ఆ మాట తప్పు. ఇంట్లో కేకులు చేసే నాలాంటి వాళ్లలో చాలామంది, బేకరీల వాళ్లు కూడా, ఇదే మాటను నమ్మి కొనేవాళ్లకు చెబుతున్నారు కనుక దీన్ని వివరంగా సరిదిద్దవలసిన అవసరం ఉందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆల్కహాల్ సుమారు 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఓవెన్‌ను 175 డిగ్రీలకు పెడతాం కాబట్టి ఆల్కహాల్ ముందుగానే పోతుందని అనుకోవడం సహజమే. కానీ పిండిలో ఆల్కహాల్ విడిగా ఉండదు, నీటితో కలిసిపోయి ఉంటుంది, ఆ రెండూ కలిసే నెమ్మదిగా ఆవిరవుతాయి. ఓవెన్ ఎంత వేడిగా ఉన్నా కేకు లోపలి భాగం 100 డిగ్రీలు దాటదు, పైపొర గట్టిపడిన తరువాత లోపలి ఆవిరి బయటికి రావడం మరింత ఆలస్యమవుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ ప్రచురించిన పట్టిక ప్రకారం, వంటకంలో కలిపిన ఆల్కహాల్‌లో 15 నిమిషాలు ఉడికిన తరువాత 40 శాతం, 30 నిమిషాల తరువాత 35 శాతం, గంట తరువాత 25 శాతం ఇంకా మిగిలే ఉంటుంది. రెండున్నర గంటలు ఉడికినా 5 శాతం మిగులుతుంది. కేకు పొర ఓవెన్‌లో ఉండేది అరగంట మాత్రమే.

లెక్క వేసి చూద్దాం. ఎనిమిది అంగుళాల టిన్నుల్లో రెండు పొరలుగా చేసే కేకు పిండిలో 180 మిల్లీలీటర్ల వైన్ పడుతుంది. బుడగల వైన్‌లో ఆల్కహాల్ సుమారు 12 శాతం ఉంటుంది కాబట్టి, పిండిలోకి వెళ్లేది దాదాపు 21.6 మిల్లీలీటర్లు, అరగంట కాల్చిన తరువాత మిగిలేది సుమారు ఏడున్నర మిల్లీలీటర్లు. పదహారు ముక్కలు కోస్తే ఒక్కో ముక్కకు అర మిల్లీలీటరు కూడా రాదు. నిజం చెప్పాలంటే ఇది చాలా తక్కువే, ఆరోగ్యవంతుడైన పెద్దమనిషికి దీనివల్ల ఏమీ కాదు. అసలు సంగతి పిండిలో లేదు, పైన పూసే పాకంలో ఉంది. పొరలు ఎండిపోకుండా ఉండాలనీ, వాసన నిలవాలనీ చక్కెర పాకంలో వైన్ కలిపి బ్రష్‌తో రాస్తాం. అది పొయ్యి ఎక్కదు. పాకంలో 100 మిల్లీలీటర్ల వైన్ వాడితే 12 మిల్లీలీటర్ల ఆల్కహాల్ నేరుగా కేకులోకి వెళ్తుంది, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచినా అందులో 70 శాతం దాకా మిగిలే ఉంటుందని అదే పట్టిక చెబుతోంది. అంటే ఓవెన్‌లో కాలిన పిండిలో కంటే ఓవెన్ ముఖం చూడని పాకంలోనే ఎక్కువ ఆల్కహాల్ ఉంటుంది. మీ వ్యాసంలోని కేకుకు ఈ పాకమూ ఉంది, వైన్ పచ్చిగా కలిపిన క్రీమూ ఉంది.

ఈ విషయం నేను పుస్తకాలు చూసి మాత్రమే తెలుసుకున్నది కాదు. మూడేళ్ల క్రితం మా వీధిలోనే ఒక షష్టిపూర్తి దావత్‌కు రెండు కేజీల షాంపేన్ కేకు చేసి ఇచ్చాను. అమెరికాలో ఉన్న ఆ ఇంటి కొడుకు ఫోన్ చేసి అదే కావాలని చెప్పాడు, నేను చేశాను, లోపల ఏముందో ఇంట్లోవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు. కేకు కోసి పళ్లేల్లో పెడుతుండగా ఆ ఇంటి కోడలు నా దగ్గరికి వచ్చి, "అక్కా, ఇందుల ఏమన్న కలిపినవా, వాసన వేరే వస్తున్నది" అని మెల్లగా అడిగింది. ఆమె తమ్ముడు తాగుడు మానడానికి డాక్టరు ఇచ్చిన మాత్ర వేసుకుంటున్నాడని అప్పుడే తెలిసింది. ఆ పళ్లెం అతని చేతికి వెళ్లకముందే తీసుకోగలిగాం. డైసల్ఫిరామ్ అనే ఆ మందు వాడుతున్నవారికి ఆహారంలో కలిసిన కొద్దిపాటి ఆల్కహాల్ కూడా ముఖం ఎర్రబడడం, వాంతులు, గుండెదడ వంటి బాధలు తెచ్చిపెడుతుంది. సాస్‌లూ, దగ్గు మందులూ కూడా చూసి వాడమని వైద్యులు వారికి చెప్పేది అందుకే. ఆ రోజు ఆమె అడగకపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు మనసు నిలవదు. అప్పటి నుంచి చెప్పకుండా ఒక్క కేకు కూడా ఇవ్వలేదు.

నేను మద్యం పేరు వింటేనే ముఖం తిప్పుకునేదాన్ని కాను. ఊరి పోచమ్మకు కల్లు సాక పోసిన తరువాతే బోనం దించే ఇంట్లో పుట్టినదాన్ని. కేకులో వైన్ వాడకూడదని కూడా నేను అనడం లేదు. కానీ ఇదే మన ఊళ్లో కేకు ఆర్డరు ఇచ్చేవాళ్లు మొట్టమొదట అడిగే ప్రశ్న గుడ్డు ఉందా లేదా అన్నది. శనివారం గుడ్డు ముట్టనివాళ్లు, మాల వేసుకున్నవాళ్లు, అసలే తిననివాళ్లు ఉంటారని ప్రతి బేకరీకీ తెలుసు కనుకనే ఎగ్‌లెస్ కేకులకు వేరే అర, వేరే చీటీ, ఆకుపచ్చ గుర్తు పెడతారు. ఆ జాగ్రత్త వైన్ విషయంలో ఎందుకు ఉండకూడదు? డిసెంబరు నెలలో నాకు ఎక్కువ ఆర్డర్లు కాజీపేట ఫాతిమానగర్ వైపు నుంచి వస్తాయి, ఆ ఇళ్లలో క్రిస్మస్ ప్లమ్ కేకులో రమ్ము పడాలనేవాళ్లూ ఉన్నారు, చుక్క కూడా పడకూడదని ప్రార్థన చేసుకున్నవాళ్లూ ఉన్నారు. ముస్లింలు ఎక్కువగా ఉండే మండి బజార్ నుంచి వచ్చే నిశ్చితార్థం కేకు సంగతి వేరే చెప్పనక్కరలేదు. గర్భిణులు, పసిపిల్లలు, మెట్రోనిడజోల్ వంటి మాత్రలు వాడుతూ మద్యం ముట్టవద్దని వైద్యుడు చెప్పినవాళ్లు ఏ దావత్‌లోనైనా ఉంటారు. మన దేశంలో అర శాతం కంటే ఎక్కువ ఆల్కహాల్ ఉన్న పానీయాన్ని మద్యంగా లెక్కించి సీసా మీద హెచ్చరిక రాయిస్తారు. అదే మద్యం కేకులోకి దిగగానే ఆ హెచ్చరిక సీసాతోపాటు చెత్తబుట్టలోకి పోతున్నది.

ఇక తయారీ గురించి కొన్ని మాటలు, ఎందుకంటే మీ వ్యాసం చదివి చాలామంది ప్రయత్నిస్తారు. వైన్‌లోని బుడగల వల్లే కేకు పొంగుతుందని చాలామంది అనుకోవడం కూడా సరికాదు. సీసాలో వాతావరణ పీడనానికి ఐదారు రెట్లు ఒత్తిడితో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్, మూత తీసి గిన్నెలో పోసి కలపగానే చాలావరకు వెళ్లిపోతుంది. కేకును పొంగించేవి 340 గ్రాముల మైదాకు వేసే మూడు టీస్పూన్ల బేకింగ్ పౌడరూ, ఆరు గుడ్ల తెల్లసొనలో గిలకొట్టి నింపిన గాలీ. 150 గ్రాముల వెన్ననూ 300 గ్రాముల చక్కెరనూ తెల్లబడేదాకా గిలకొట్టి, మైదానూ వైన్‌నూ మార్చి మార్చి కొద్దికొద్దిగా కలిపి, చివర తెల్లసొన నురుగును గరిటెతో మెల్లగా మడతపెట్టాలి. వైన్ ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా పోస్తే వెన్న విరిగిపోతుంది, కాబట్టి కావలసినంత ముందే కొలిచి గది వేడికి తెచ్చుకోవాలి. సీసా మూత తీసేటప్పుడు మాత్రం అది బాగా చల్లగానే ఉండాలి, బిరడా ఎవరి ముఖం వైపూ ఉండకూడదు. వేడెక్కిన సీసా బిరడా కంటికి తగిలితే చూపు పోయే ప్రమాదం ఉంది.

వైన్ ఎంపికలో డబ్బు వృథా చేయవద్దని మీ పాఠకులకు మనవి. షాంపేన్ అనే పేరు ఫ్రాన్సులోని ఆ పేరుగల ప్రాంతంలో, సీసాలోనే రెండోసారి పులియబెట్టి, కనీసం 15 నెలలు నిల్వ ఉంచిన వైన్‌కు మాత్రమే చెందుతుంది. ఆ నిల్వలో ఈస్ట్ మడ్డి మీద ఉండడం వల్లే దానికి అప్పుడే కాల్చిన రొట్టె వాసన వస్తుంది. అంత సున్నితమైన వాసన ఓవెన్ వేడికి నిలవదు. నాసిక్ ప్రాంతంలో తయారయ్యే బుడగల వైన్ కేకుకు ధారాళంగా సరిపోతుంది, అందులోనూ చక్కెర తక్కువగా ఉండే బ్రూట్ రకం తీసుకుంటే కేకు మొహం మొత్తదు.

వాసన నిలవాలంటే చేయవలసింది వైన్‌ను పచ్చిగా కుమ్మరించడం కాదు, మరిగించి చిక్కబరచడం. 400 మిల్లీలీటర్ల వైన్‌ను వెడల్పాటి గిన్నెలో సన్నని సెగ మీద నాలుగు టేబుల్ స్పూన్లు మిగిలేదాకా మరిగించి, పూర్తిగా చల్లారిన తరువాత బటర్‌క్రీమ్‌లో ఒక్కో స్పూను కలపాలి. ఇక్కడ ఆల్కహాల్ దాదాపుగా పోతుంది, ఎందుకంటే కేకు కాల్చేటప్పుడు తడి లోపలే నిలవాలి, ఇక్కడ తడి చాలావరకు పోవాలి. ద్రాక్ష పులుపూ రుచీ మాత్రం అడుగున చిక్కగా మిగులుతాయి. పాకంలో కూడా ఇలా మరిగించిన వైన్‌నే వాడితే నేను చెప్పిన లెక్కలో సగానికి పైగా తగ్గిపోతుంది. పచ్చి వైన్ కంటే దీని రుచి గాఢంగా ఉంటుందని నా అనుభవం. మే నెలలో మాత్రం ఈ కేకు ఒప్పుకోవద్దు. వరంగల్ ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున, ఏసీ లేని ఫంక్షన్ హాల్లో వెన్నతో చేసిన క్రీమ్ కేకు కోసేదాకా కూడా నిలబడదు.

మద్యం వద్దనుకునేవాళ్లకు ఇదే కేకు పచ్చద్రాక్షతో చేయవచ్చు, అది తక్కువ రకం కేకేమీ కాదు. ద్రాక్ష బండ్ల మీదికి వచ్చే కాలంలో, బాగా పండకముందే పుల్లపుల్లగా ఉన్న పచ్చద్రాక్షను రుబ్బి వడగట్టి, ఆ రసాన్ని నాలుగో వంతుకు మరిగిస్తే మంచి పులుపు వస్తుంది. చాలకపోతే కాస్త నిమ్మరసం. తెల్లసొన నురుగు నిలవడానికి చిటికెడు వేసే క్రీమ్ ఆఫ్ టార్టార్ కూడా వైన్ పీపాల అడుగున పేరుకునే ద్రాక్ష లవణమే, అది వేస్తే ద్రాక్ష పులుపు ఇంకొంచెం దగ్గరవుతుంది, అందులో ఆల్కహాల్ ఉండదు. రొట్టె వాసన కోసం నేను వెన్నలో కొంత భాగాన్ని ఎర్రగా కాచి, చల్లార్చి, మళ్లీ గట్టిపడిన తరువాత కలుపుతాను. కిందటి డిసెంబరులో ఒకే ఇంటికి రెండు రకాలూ చేసి, రెండింటికీ వేర్వేరు చీటీలు అంటించి ఇచ్చాను, ద్రాక్షతో చేసిందే ముందుగా ఖాళీ అయింది.

మీకు నా విన్నపం ఇంతే. మీ వ్యాసంలోని ఆ ఒక్క వాక్యాన్ని సవరించి, పాకంలోనూ క్రీమ్‌లోనూ ఆల్కహాల్ మిగులుతుందనీ, పిల్లలకూ మందులు వాడేవారికీ పెట్టవద్దనీ స్పష్టంగా ప్రచురించండి. వంట పేజీలను కత్తిరించి డబ్బాల్లో దాచుకునే ఆడవాళ్లు మా వీధిలోనే పది మంది ఉన్నారు. లోపలి పేజీలో ఒక మూల వేసే సవరణ వారి కంట పడదు కాబట్టి, దాన్ని అదే ఆదివారం అనుబంధంలో, అదే వంట పేజీలో, క్రిస్మస్ ఆర్డర్లు మొదలయ్యే లోపల వేయగలరని కోరుతున్నాను.

ఇట్లు,
ఇంట్లో కేకులు చేసే ఒక పాఠకురాలు,
సుబేదారి, హనుమకొండ