అంబులెన్స్ ఎక్కించని అంబులెన్స్ కోర్సు

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ బైపీసీ అయ్యాక మా అమ్మాయి నర్సింగ్ వద్దు, 108లోనే పనిచేస్తానని పట్టుబట్టి ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ కోర్సులో చేరింది. మా నాన్నకు గుండెపోటు వచ్చిన రాత్రి అంబులెన్స్‌లో వచ్చిన కుర్రాడు టెన్షన్ పడకుండా పని చేసిన తీరు తన మనసులో నాటుకుపోయింది. కాదనలేకపోయాం.

క్యాజువాలిటీలో డ్యూటీలు, అంబులెన్స్‌లో శిక్షణ అన్నీ ఉంటాయన్నారు. ఫీజు కట్టాక చూస్తే నలభై మందికి సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స) నేర్పే బొమ్మ ఒక్కటే. దాని స్ప్రింగ్ కూడా పోయింది, నొక్కిన ఛాతీ నొక్కినట్టే ఉండిపోతుంది. పెద్దవాళ్లకైతే నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతు నొక్కాలి, ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. లేవని బొమ్మ మీద అదెలా తెలుస్తుంది? పిల్ల ఇంట్లో దిండు మీద ప్రాక్టీస్ చేస్తోంది! అంబులెన్స్‌ను మాత్రం బ్రోషర్ మీదే చూశాం.

108 సేవ మొదలైంది మన హైదరాబాద్‌లోనే, 2005 ఆగస్టు 15న. ఇలాంటి టెక్నీషియన్ల వంటి అనుబంధ వైద్య వృత్తుల కోసం జాతీయ కమిషన్ చట్టం కూడా 2021లో వచ్చింది. అయినా మా అమ్మాయి కోర్సు తీరు ఇదీ. కోర్సుకు గుర్తింపు ఎవరిచ్చారు, శిక్షణ డ్యూటీలు ఏ ఆస్పత్రిలో, ఎన్ని గంటలు అన్నవి దరఖాస్తు ఫారం మీదే అచ్చు వేయించాలి. మేం అడగలేదు, అది మా తప్పే. తనిఖీకి వచ్చే అధికారులు రికార్డులు తిరగేసే ముందు ఆ బొమ్మను ఒక్కసారి నొక్కి చూడాలని మనవి.

- ఒక తండ్రి, ఖమ్మం జిల్లా