మూసేసే ఆంప్ కేసులు ఇక కుట్టం

తిరుపతిలో మా దగ్గర హెడ్‌ఫోన్ ఆంప్‌కి (ఫోనుకీ హెడ్‌ఫోన్‌కీ మధ్య తగిలించి శబ్దం పెంచే చిన్న పెట్టె) కేసు కుట్టించుకున్నవాళ్లకూ, ఆర్డర్ ఇచ్చి ఎదురుచూస్తున్నవాళ్లకూ ఈ మాట. నాలుగు వైపులా మూసి జిప్పు పెట్టే కేసులు ఇకమీదట కుట్టం. డబ్బు కట్టినవాళ్లు కొత్త రకం తీసుకోవచ్చు, వద్దంటే మొత్తం తిరిగిస్తాం.

ఎండలు ముదిరినప్పటి నుంచీ చాలామంది అడుగుతున్నది ఒకటే: కేసులో పెడితే ఆంప్ బాగా వేడెక్కిపోతోంది, ఎందుకని? ఆంప్ వేడెక్కడం మామూలే. ‘క్లాస్-ఏ’ అనే రకం ఆంప్ అయితే పాట ఆపినా లోపల కరెంటు పారుతూనే ఉంటుంది. కోర్డ్ కంపెనీ మోజో లాంటి చిన్న ఆంప్‌లకి ఫ్యాను ఉండదు, పైనున్న అల్యూమినియం తొడుగే ఆ వేడిని బయటికి వదలాలి. దాని చుట్టూ దళసరి తోలు బిగిస్తే వేడి ఎటు పోతుంది? లోపలున్నది లిథియం బ్యాటరీ, వేడిలో ఉంచేకొద్దీ దాని ఆయుష్షు తగ్గుతుంది. మే నెలలో మన ఊళ్లో బయటే 40 డిగ్రీలు దాటుతుంది. అందుకే చార్జింగ్ పెట్టేటప్పుడు ఏ కేసైనా, మాదైనా సరే, తీసేయండి.

కొత్తదానికి వెనకా పక్కలా ఖాళీ వదిలి, మూలలకు మాత్రం రాణిపేట నుంచి తెప్పించే తోలు వేస్తున్నాం. ఇందులో నాకు బాగా నచ్చింది వాల్యూమ్ నాబ్ చుట్టూ ఉండే గట్టు. రెండు పొరల తోలు అతికించి చేత్తో కుడతాం, నాబ్ కంటే ఒక్క మిల్లీమీటరు ఎత్తు. సంచిలో తాళాలు తగిలినా నాబ్ తిరగదు. పాట పెట్టగానే చెవులు పగిలేంత శబ్దం వచ్చిందని ఒక అక్క చెప్పినప్పటి నుంచి ఈ గట్టు లేకుండా కేసు బయటికి పంపడానికి నాకు మనసొప్పడం లేదు.

ఫోనునీ ఆంప్‌నీ కలిపి కట్టే రబ్బరు బ్యాండ్లు కూడా ఆపేశాం. ఎండకు సాగిపోతాయి, ఫోను పక్క బటన్ల మీద పడి నొక్కేస్తాయి. వాటి బదులు నైలాన్ పట్టీ, వెల్‌క్రో. ఫోనుకీ ఆంప్‌కీ మధ్య ఫెల్ట్ ముక్కలు పెడతాం, గీతలు పడవు, గాలీ ఆడుతుంది. కొండకు పోయేవాళ్లు గుడిలోకి వెళ్లేముందు ఇవన్నీ కౌంటర్లో ఇవ్వాల్సిందే కదా, అక్కడ ఒక్క లాగుతో విడిపోతాయి. కేసు మీద, హెడ్‌ఫోన్ జాక్ పక్కన చిన్న లూపు ఉంటుంది, వైరును అందులోంచి తీయండి. ఎవరైనా లాగితే ఆ బరువు లూపు మీద పడుతుంది, లోపలి టంకం మీద పడదు.

తోలు కేసు ధర 1,450 నుంచి 1,600 రూపాయలైంది, చేతి కుట్టు పెరిగింది మరి. మాల వేసుకునే ఇల్లు, తోలు వద్దు అనేవాళ్లకు కాన్వాస్‌లో అదే కోత, పాత ధరకే ఇస్తాం. మెడలో వేసుకునే పట్టీ మాత్రం ఇప్పుడే ఇవ్వలేం, ఆ బరువు ఆపుతుందని నాకు నమ్మకం కుదిరిన బకిల్ ఇంకా దొరకలేదు.

ఆర్డర్‌తోపాటు ఆంప్ ఫోటో రెండు వైపులా తీసి పంపండి. హెడ్‌ఫోన్ పెట్టే చోట 4.4 మిల్లీమీటర్ల సాకెట్ ఉంటే ఆ మాట రాయండి, మామూలు 3.5కి కోసిన రంధ్రం దానికి సరిపోదు.