మన దగ్గర 4 టీబీ బ్యాకప్ డ్రైవ్ తీసుకున్నవాళ్లకు

ఈ మధ్య మన దగ్గర 4 టీబీ బ్యాకప్ డ్రైవ్ కొన్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి. కొత్తవని బిల్లు వేసి ఒక సప్లయర్ మాకు అమ్మిన ఆ లాట్‌లో డ్రైవ్‌లు కొత్తవి కావు. మీలో చాలామందివి బాగానే నడుస్తున్నాయి, ఇంకొన్నాళ్లు నడవొచ్చు కూడా. అయినా అన్నీ మార్చి ఇస్తున్నాను. పైసా ఇవ్వక్కర్లేదు.

ఒకరి డ్రైవ్ కాపీ మధ్యలో ఆగిపోతోందని తెచ్చారు. ఎన్ని గంటలు నడిచిందో, ఎన్ని సెక్టార్లు (డేటా రాసుకునే చిన్న చిన్న గళ్లు) పాడయ్యాయో ప్రతి డ్రైవూ స్మార్ట్ అనే రికార్డులో రాసుకుంటుంది. అమ్మే ముందు మేం చూసేది అదే, అందరూ చూసేదీ అదే. అందులో గంటలు కొత్తదానికి తగ్గట్టే ఉన్నాయి. అయితే ఈ మోడళ్లలో తయారీ కంపెనీ ఫార్మ్ అనే ఇంకో లాగ్ కూడా పెడుతుంది. స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో అది తెరిస్తే 20 వేల గంటలు దాటింది. ఏడాది మొత్తం ఆపకుండా తిప్పినా 8,760 గంటలే కదా! అమ్మకుండా ఉన్న స్టాక్ కూడా తెరిచి చూశాం. అన్నిటిదీ ఇదే వరస. పైకి కనిపించే మీటరు వెనక్కి తిప్పినవాళ్లు లోపలిది మర్చిపోయారు.

ఈ మోసం మాతోనే మొదలు కాలేదు. 2025 మొదట్లో జర్మనీలో ఇలాంటివే బయటపడి వార్తల్లోకెక్కాయి. 2021లో చియా అనే క్రిప్టో కరెన్సీ కోసం హార్డ్ డిస్కులు గుట్టలుగా కొన్నవాళ్లు తర్వాత వదిలించుకున్న సరుకే ఇలా తిరిగొస్తోందని అప్పట్లో అనుమానించారు. మావి ఎక్కణ్నుంచి వచ్చాయో సప్లయర్ నోరు విప్పడు.

విప్పిన ఒక్కసారీ ఏమన్నాడో తెలుసా? "మీ కస్టమర్లు కంప్యూటర్లు రాత్రంతా ఆన్‌లో వదిలేస్తారు, గంటలు పెరగవా మరి?" మోసపోయినందుకు కన్నా ఈ మాటకు నాకు ఎక్కువ కాలింది. అమ్మి ఏడాదైనా కాని డ్రైవ్‌కు రెండేళ్ల పైచిలుకు గంటలు మీరెలా ఎక్కిస్తారు? పైగా మీకు కరెంటు అలవాట్లు నేర్పింది నేను. ఆ సంగతి వాడికేం తెలుసు!

అతని మాట మీలో కొందరి చెవిన పడి, రాత్రిళ్లు ఆపేయాలా అని అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నాను. కంప్యూటర్ స్లీప్‌లో ఉంచినా, ఆపేసినా డిస్క్‌కు వచ్చే నష్టం పెద్దగా లేదు. ఇప్పటి డెస్క్‌టాప్ డ్రైవ్‌లలో చాలావాటి హెడ్ (డిస్క్ మీద రాసే, చదివే భాగం) లక్షల సార్లు పక్కకు వెళ్లి రావడానికి తగ్గట్టే ఉంటుంది. కరెంటు పోయినా, తిరుగుతున్న ప్లాటర్ (లోపలి పళ్లెం) ఊపుతోనే హెడ్ తప్పుకుంటుంది. పాడయ్యేది సగం రాసిన ఫైలు. అందుకే కంప్యూటర్ మీద డిస్క్ లైటు మిణుకుతుండగా గోడ స్విచ్ కట్టేయొద్దని అన్నేసి సార్లు చెప్పేది. యూపీఎస్ ఉన్నది కూడా పని కొనసాగించడానికి కాదు, పద్ధతిగా ఆపుకోవడానికి.

బ్యాకప్ డ్రైవ్ సంగతి మాత్రం వేరు. కాపీ అయ్యాక ఎజెక్ట్ చేసి, తీగ పీకి, బీరువాలో పెట్టండి. రాత్రంతా తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చిన రోజు కంప్యూటర్‌తో పాటు అదీ పోతుంది. క్లౌడ్‌లో సింక్ అవుతోంది కదా అంటారు. ఇక్కడ డిలీట్ చేసింది అక్కడా డిలీట్ అవుతుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్ అయితే 30 రోజులకు దానంతటదే ఖాళీ అయిపోతుంది.

ఇప్పుడు నాకు నిద్ర లేకుండా చేసిన విషయానికి వస్తాను. గట్టిగా అడిగితే సప్లయర్ డబ్బు వెనక్కిస్తానన్నాడు, ఒక షరతు మీద. డ్రైవ్‌లు చెరపకుండా, ఫార్మాట్ చేయకుండా, ఉన్నవి ఉన్నట్టు పంపాలట, టెస్టింగ్ కోసం. వాటిలో ఏమున్నాయి? మీ పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, వ్యాపారం లెక్కలు. పాత డిస్కుల గంటలు చెరిపి కొత్తవని అమ్మినవాళ్ల చేతిలో అవి పెట్టాలా? పూర్తిగా చెరిపి పంపుతానంటే ఒప్పుకోలేదు. క్విక్ ఫార్మాట్ చేసి పంపేయమని ఒకరు సలహా ఇచ్చారు. దాంతో పోయేది ఫైళ్ల జాబితా మాత్రమే, ఫైళ్లు డిస్క్ మీదే ఉంటాయి. పోనీ మొత్తం తిరగరాద్దామా అంటే, పాడై పక్కన పెట్టేసిన సెక్టార్లలో మిగిలింది అప్పటికీ మిగిలే ఉంటుంది. ఇంట్లోవాళ్లు, మా కుర్రాళ్లు కూడా డబ్బు వదులుకోవద్దన్నారు. లెక్క వేస్తే వాళ్లు అన్నదే సబబు. చాలా రోజులు అటూ ఇటూ ఊగాను.

చివరికి పంపకూడదనే నిర్ణయించుకున్నాను. మీవి ఒక్కటీ పంపను. అమ్మకుండా మిగిలినవి మాత్రమే వెనక్కి వెళ్లాయి. మిగతా నష్టం నాది, దాన్ని మీ మీద రేట్ల రూపంలో రుద్దను. జాలి పడి వేరే ఏదైనా కొనాలని కూడా చూడకండి.

మీ పాత డ్రైవ్ మాకు ఇచ్చేయక్కర్లేదు. కొత్తదానిలోకి కాపీ అయ్యి, నాలుగు ఫైళ్లు తెరిచి చూసుకునేదాకా దాన్ని చెరపకండి. తర్వాత అదనపు కాపీగా ఉంచుకుంటారో, పగలగొట్టించుకుంటారో మీ ఇష్టం. పగలగొట్టాలంటే మీ ఎదురుగానే చేస్తాం. బిల్లు లేకపోయినా సీరియల్ నంబర్లు మా దగ్గర ఉన్నాయి.

ఇకమీదట డ్రైవ్ అడిగిన రోజే చేతికి రాదు. రెండు లాగ్‌లూ ఉంటే రెండూ మీ ముందే తెరుస్తాం, తర్వాత డిస్క్ మొత్తం ఒకసారి రాసి చదివి చూస్తాం. 4 టీబీకి ఆ పనికే ఒక రాత్రికి పైనే పడుతుంది. వేరే చోట అప్పటికప్పుడు ఇస్తారంటే వెళ్లి తీసుకోండి, నేనేమీ అనుకోను. (అనుకుంటాను.)

వచ్చేటప్పుడు డ్రైవ్‌తో పాటు దాని అడాప్టర్, యూఎస్‌బీ కేబుల్ కూడా తెండి. పోయిందని తెచ్చే వాటిలో కొన్నిటికి కేబుల్ మారిస్తే చాలు.