మీ స్పీకర్లకు నేను బిగించిన జాలి గురించి

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మా స్పీకర్ల రిపేరు షాపుకు వచ్చే అందరికీ నమస్కారం. పోయిన దసరా నుంచి పిల్లులున్న ఇళ్ళవాళ్ళకు, పిల్లి గీకకుండా స్పీకర్ ముందు జాలి బిగించి ఇస్తున్నాను. ఇక పిల్లి ఏమీ చేయలేదని మాట కూడా ఇచ్చాను. ఆ మాట నిలబడలేదు.

నేను వాడింది కిటికీలకు వేసే దోమల జాలి. పలచగా ఉంటుంది కాబట్టి బేస్ పెంచితే జిర్రుమంటుంది. అంతకన్నా పెద్ద సమస్య, పిల్లి గోరు అందులో చిక్కుకుంటుంది. మిర్యాలగూడలో ఒకరింట్లో అదే జరిగింది. గోరు ఇరుక్కున్న పిల్లి భయపడి గుంజుకుంటే నిలువెత్తు టవర్ స్పీకర్ కిందపడి వూఫర్ కోన్, అంటే బేస్ పలికించే గరాటులాంటి పొర, చినిగిపోయింది. పిల్లికి దెబ్బ తగలలేదు. ఆ కోన్ నా ఖర్చుతో మార్చిచ్చాను. కానీ అలాంటి జాలి ఇంకా చాలా ఇళ్ళలో ఉంది, నా టెన్షన్ దాని గురించే.

ఇప్పుడు ఒక మిల్లీమీటరు మందం రేకు జాలి తెప్పించాను. రంధ్రాలు గోరు చిక్కనంత నున్నగా ఉంటాయి, రేకులో సగానికి పైగా ఖాళీయే కాబట్టి శబ్దం ఆగదు. కోన్‌కు, జాలికి మధ్య బొటనవేలంత ఎడం ఉంచి, అంచుల కింద మెత్తటి ఫెల్ట్ గుడ్డ పట్టీ వేసి బిగిస్తున్నాను.

జాలి ఒక్కటే సరిపోదని కూడా ఇన్నాళ్ళకు అర్థమైంది. పిల్లి కోపంతో గీకదు. గోరు పైపొర ఊడిపోవడానికి, ఒళ్ళు విరుచుకోవడానికి, పాదాల్లోని వాసన అక్కడ వదిలి ఇది నా చోటు అని చెప్పుకోవడానికి గీకుతుంది. నిలువుగా, కదలకుండా, గరుకుగా ఉండేది దానికి కావాలి. స్పీకర్ గుడ్డలో ఇవన్నీ ఉన్నాయి. మన ఊళ్ళల్లో ఎలుకల కోసం పెంచిన పిల్లులు బియ్యం గోనె సంచులను గీకడం చూసే ఉంటారు. అందుకే మూడడుగుల కర్రకు పాత గోనె సంచిని గట్టిగా చుట్టి, అడుగున బరువైన చెక్క కొట్టి, స్పీకర్ పక్కనే పెట్టండి. మూలన దాచిపెడితే పిల్లి అటు పోదు. అది అలవాటయ్యేదాకా స్పీకర్ అంచులకు రెండువైపులా అంటుకునే టేపు వేయండి, కాళ్ళకు జిగురు తగలడం పిల్లులకు నచ్చదు. కొట్టొద్దు. కొడితే మీరు లేనప్పుడు గీకుతుంది, అంతే.

కలరా ఉండలు మాత్రం దయచేసి పెట్టకండి. అవి పిల్లికి విషం. ఘాటైన నూనెలు కూడా వద్దు. మగ పిల్లి స్పీకర్ మీద మూత్రం చిమ్ముతుంటే దానికి మా దగ్గర మందు లేదు, పశువుల డాక్టరుతో ఆపరేషన్ చేయిస్తే చాలావరకు తగ్గుతుంది. ఆ తడి లోపలి క్రాసోవర్ బోర్డుకు, అంటే బేస్‌ను, సన్నని శబ్దాలను విడదీసి పంపే బోర్డుకు, తగిలితే రాగి తుప్పుపడుతుంది, కాబట్టి వెంటనే ప్లగ్ తీసి స్పీకర్ పెట్టె తెచ్చివ్వండి. యాంప్లిఫయర్ వెచ్చగా ఉంటుందని పిల్లి దాని మీద పడుకుంటే గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. దాన్ని పై అరలో, పిల్లి ఎక్కలేనంత తక్కువ ఎడంలో పెట్టండి. అయితే పైన, పక్కల గాలి ఆడే సందు మాత్రం ఉండాలి.

కొందరు పోచంపల్లి గుడ్డతో ముసుగు కుట్టమంటున్నారు. నాకూ ఆ నేత అంటే ప్రాణం. కానీ ముందు గుడ్డను నోటి దగ్గర పెట్టుకుని ఊదండి. ఊపిరి తేలిగ్గా దాటితేనే శబ్దం దాటుతుంది. చిక్కటి నేతైతే తాళాలు, గజ్జెల చప్పుడు మూగబోతుంది. పైగా గోటికి దారాలు లేచిపోతే నేసినవాళ్ళ కష్టం చూడలేం.

నా దగ్గర దోమల జాలి వేయించుకున్నవాళ్ళు ఆ స్పీకర్లు తీసుకురండి, కొత్త జాలి ఉచితంగా వేస్తాను. బిల్లు లేకపోయినా పరవాలేదు, నేను వేసింది నేను గుర్తుపడతాను. పెద్ద టవర్లు మోసుకురాలేని వాళ్ళు ఫోన్ చేస్తే ఆదివారాలు నేనే ఇంటికి వస్తాను. అప్పటిదాకా ఆ జాలి ఊడదీసి, స్పీకర్‌ను గోడకు తాడుతో కట్టి ఉంచండి.