ఫారం నింపేది పని అయ్యాకా?

సంపాదకులకు,

గాజువాక దగ్గర ఒక రసాయన ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. ఓసారి పంపుకు వేయాల్సిన గాస్కెట్ (అతుకు దగ్గర కారకుండా మధ్యలో పెట్టే రబ్బరు) స్టోర్లో లేదు. సైజు సరిపోయింది కదా అని వేరే రబ్బరుది బిగించాం. తెల్లారేసరికి అది ఉబ్బిపోయి, లోపలి సాల్వెంట్ (మండే రసాయన ద్రవం) కారింది. నిప్పు అంటుకోలేదు, మా అదృష్టం. ఆ ద్రవానికి ఆ రబ్బరు ఆగుతుందా అని ఎవరం అడగలేదు. బిగించిన చేతుల్లో నావీ ఉన్నాయి.

1974లో ఇంగ్లండులోని ఫ్లిక్స్‌బరో రసాయన ఫ్యాక్టరీలో పగుళ్లిచ్చిన రియాక్టర్‌ను తీసేసి, తాత్కాలికంగా ఓ గొట్టం కలిపారు. దాని కొలతలు వర్క్‌షాపు నేల మీద సుద్దతో గీసుకున్నారు! అది తెగి పేలుడు జరిగి 28 మంది పోయారు. అంత దూరం ఎందుకు, 2020 మే 7న మన వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో స్టైరిన్ అనే విషపు ఆవిరి లీకైంది. అంతకు కొన్ని నెలల ముందు ట్యాంకు పైపింగ్‌లో చేసిన మార్పును ప్రభుత్వ హైపవర్ కమిటీ తప్పుపట్టింది.

ఇప్పుడు ఇలాంటి మార్పులకు, చేసే ముందే ప్రమాదం ఉందేమో చూసి నింపాల్సిన ఫారాలున్నాయి. కానీ ఆడిట్ టెన్షన్‌లో, పని అయిపోయాక పాత తేదీ వేసి నింపడం నేను చూశాను. తనిఖీకి వెళ్లే అధికారులు ఫైలు పక్కనపెట్టి, ‘తాత్కాలికం’ అని వేసిన పైపులు, బైపాస్ చేసిన అలారాలు చూపించమనాలి. బిగించిన కాంట్రాక్టు ఫిట్టరునూ పిలిచి అడగాలి.

– ఒక రిటైర్డ్ ఫోర్‌మన్, విశాఖపట్నం