క్యాప్సూల్ అంటే చిన్న పెట్టె

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల తొమ్మిదో తరగతి పిల్లల నోటుపుస్తకాల్లో ‘క్యాప్సులేటెడ్ బాక్టీరియా’ అనే మాట చాలా చోట్ల కనిపించింది. రాత తప్పు లేదు. అర్థం అడిగితే మాత్రం ఎక్కువమంది మందుల దుకాణంలో దొరికే క్యాప్సూల్ దగ్గరే ఆగిపోయారు. ఈ ఉత్తరం ఆ మాట గురించే.

ప్రాచీన రోమ్‌లో చుట్టిన గ్రంథాలను భద్రపరిచే పెట్టెను లాటిన్‌లో ‘కాప్సా’ అనేవారు. ‘కాప్సులా’ అంటే చిన్న పెట్టె. అదే ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో క్యాప్సూల్ అయింది. కళ్లజోడు పెట్టుకునే కేసుకూ, కొట్టులో లెక్కపెట్టే క్యాషుకూ మూలం ఆ కాప్సాయే. మందును జెలటిన్ గుల్లలో పెట్టే పద్ధతికి పారిస్‌లో పేటెంటు తీసుకున్నది 1834లో. అంతకు చాలా ముందే వృక్షశాస్త్రజ్ఞులు ఎండి, పగిలి, గింజలు బయటపెట్టే కాయలకు ఆ పేరు పెట్టుకున్నారు.

కాబట్టి క్యాప్సులేటెడ్ బాక్టీరియా అంటే చుట్టూ తొడుగు ఉన్న బాక్టీరియా. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్‌కు చక్కెర పదార్థాలతో అల్లుకున్న జిగట తొడుగు ఉంటుంది. దానివల్ల మన తెల్ల రక్తకణాలకు అది సులువుగా చిక్కదు. 1928లో బ్రిటన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ గ్రిఫిత్ ప్రచురించిన ప్రయోగాల్లో తొడుగున్న రకం ఎలుకలను చంపింది, తొడుగు లేనిది చంపలేకపోయింది. పసిపిల్లలకు ఆరు వారాలప్పుడు మొదలుపెట్టే పీసీవీ అనే న్యుమోకాకస్ టీకా ఈ తొడుగునే గుర్తుపట్టడం శరీరానికి నేర్పుతుంది. మీ ఇంట్లో చంటిబిడ్డ ఉంటే టీకా కార్డు ఒకసారి చూడండి. మూడో మోతాదు తొమ్మిది నెలలు నిండాక వేయించాలి.

‘పెట్టె’ అని తెలిశాక ఇదంతా పిల్లలకు చప్పున అందింది. బట్టీ పట్టిన నిర్వచనం పరీక్ష దాటి నిలవదు. మూలం తెలిసిన మాట మరో పాఠంలో ఎదురైనా పిల్లలు పోల్చుకుంటారు. అందుకే ఇకనుంచి ప్రతి సైన్సు పాఠానికీ ముందు మాటల పుట్టుక చెప్పమని ఉపాధ్యాయులను కోరాను.

మీ సాయం కూడా కావాలి. పెరట్లో ముదిరి ఎండిన బెండకాయ ఉంటే కోయకుండా పిల్లలకు చూపించండి. అంచుల వెంట నిలువునా పగిలి, లోపలి గదుల్లో వరుసగా గింజలు కనిపిస్తాయి. నువ్వుల కాయ కొన దగ్గర విచ్చుకుంటుంది. రైతులు కాయలు పగలకముందే మొక్కలు కోసి, కట్టలు కట్టి నిలబెట్టి, ఎండాక తలకిందులుగా దులిపేది అందుకే. పత్తి కాయ కూడా ఇలాంటి క్యాప్సూలే. వీటిలో ఏది దొరికినా కాగితంలో చుట్టి సోమవారం బడికి పంపండి, ప్రయోగశాలలో పిల్లలే విప్పి చూసి బొమ్మలు గీస్తారు.

ప్రధానోపాధ్యాయురాలు